చలికాలం పొద్దున నోట్లోంచి పొగ

ఒకప్పుడు మనుషుల నోట్లోంచి పొగ వచ్చేది కాదు. ఎంత చలి పెట్టినా వచ్చేది కాదు. పొగ అంటే పొయ్యిలోంచి రావాల్సిందే. నోరు తెరిస్తే మాట ఒక్కటే బయటికొచ్చేది.

అప్పట్లో చలి అడవుల్లో, గుట్టల్లో తిరుగుతుండేది. ఒక ఏడు దానికి పట్నం మీద మనసు పుట్టింది. "అన్ని ఇళ్ళున్నాయంట. నాకొక్క ఇల్లు దొరకదా" అనుకుని బయల్దేరింది.

సూర్యుడు దాన్ని పొలిమేరలోనే ఆపాడు.

"ఆగు. పొగ లేచే ఇంట్లో మనుషులున్నట్టు. ఆ గడప తొక్కొద్దు. పొగ లేనిది ఖాళీ ఇల్లు. ఉంటే అందులో ఉండు. ఒట్టు వెయ్."

చలి ఒట్టు వేసింది. చలి ఒట్టు తప్పదు. కానీ ఒట్టులో సందు ఎక్కడుందో వెతుక్కుంటుంది. అది దాని బుద్ధి.

ఆ పట్నంలో సత్తెవ్వ అని వీధులు ఊడ్చే మనిషి ఉండేది. కోడి కూసే వేళకే పొడుగాటి చీపురు భుజాన వేసుకుని వచ్చేది. ఆమె ఊడ్చిన దారిలో అగ్గిపుల్ల ముక్క కూడా కనబడదు. చీపురు కూడా ఆమే కట్టుకునేది. ఒక్క పుల్ల పొట్టిగా ఉన్నా విప్పి మళ్ళీ కట్టేది.

ఆ వీధి రెండో కొస నుంచి బుచ్చమ్మ ఊడ్చుకుంటూ వచ్చేది. ఇద్దరూ నడుమ దీపస్తంభం దగ్గర కలిసేవారు. కూర్చుని తమలపాకులు నమిలి, నాలుగు ముచ్చట్లు చెప్పుకునేవారు. అదంతా వెనకటి మాట.

ఒకరోజు చాయ్ దుకాణం ముందు, పదిమందిలో, బుచ్చమ్మ నవ్వుతూ ఒక మాటంది. "మా సత్తెవ్వక్క ఊడ్చినంక నేను ఇంకోపారి ఊడుస్త."

అంతే. ఆ రోజు నుంచి సత్తెవ్వ ఆమెతో మాట్లాడలేదు. ఒక రోజు కాదు, రెండు రోజులు కాదు, మూడేళ్ళు. స్తంభం దగ్గర చీపురు కొసతో అడ్డంగా గీత గీసేది. ఇవతల నాది, అవతల నీది. గీత దాకా ఊడ్చి, పళ్ళు బిగించుకుని వెనక్కి తిరిగేది. బుచ్చమ్మ కూడా తక్కువ తినలేదు. ఆమే ముందు పలకాలని ఈమె, ఈమే ముందు పలకాలని ఆమె.

చలి పట్నంలోకి దిగిన పొద్దు కూడా సత్తెవ్వ ఎప్పటిలాగే వచ్చింది. వీధంతా తెల్లటి మంచు. తన చీపురు కొస తనకే కనబడటం లేదు.

వీధి మొదట్లో ఒక అరుగు మీద గస్తీ తిరిగే ఖాసిం తాత కూర్చునేవాడు. "సలామ్ సత్తెవ్వా, పైలం" అని రోజూ జాగ్రత్త చెప్పేవాడు. ఆ రోజు చెప్పలేదు.

"సలామ్ తాతా" అంది సత్తెవ్వ.

తాత పలకలేదు. కళ్ళు తెరిచే ఉన్నాయి. మీసాల మీద మంచు బొట్లున్నాయి. మనిషి అక్కడే ఉన్నాడు గానీ, తాళం వేసిన ఇంటిని చూసినట్టుంది.

"ముట్టుకోకు!" అని ఎవరో అన్నారు.

చూస్తే వీధిలో తిరిగే కర్రెకుక్క. నిన్న ఆకులు కాల్చిన బూడిద కుప్పలో ముడుచుకుని పడుకుంది.

"తాత లోపలికి చలి దిగింది" అంది కుక్క, గొంతు బాగా తగ్గించి. "తెల్లగా, పొడుగ్గ వచ్చింది. దానికి మొఖం లేదు. మర్యాదగనే అడిగింది, లోపల ఎవరన్నా ఉన్నరా అని. తాత, ఉన్న బిడ్డా ఉన్న అన్నడు. మాట కాదు, పొగ చూపియ్యమంది. తాత పొగ ఏడికెళ్ళి తెస్తడు? అయితే ఖాళీ ఇల్లే అని, కాలివేళ్ళలకెళ్ళి లోపలికి పోయింది."

"మరి నిన్నెట్ల ఇడిసిపెట్టింది?"

"ఈ బూడిద కింద ఇంకా నిప్పున్నది. నా చుట్టూ పొగ లేస్తున్నది. అందుకే రాలే. దానికి ఒక్క ఇల్లు సాల్తలేదు. ఇప్పుడు గా దిక్కు పోయింది."

ఆ దిక్కు అంటే బుచ్చమ్మ ఊడ్చే దిక్కు.

సత్తెవ్వ ఇంటికి పరుగెత్తాలనుకుంది. కానీ వీధి ఊడ్వకుండా వెనక్కి పోవడం ఆమెకు పుట్టుకతో లేదు. "గీత దాకా ఊడ్చి పోతా" అనుకుంది. బుచ్చమ్మ కోసం పోతున్నానని తనకు తాను కూడా చెప్పుకోలేదు.

సర్... సర్... ఊడ్చింది. ఆగి విన్నది. మంచులోంచి బుచ్చమ్మ చీపురు చప్పుడు వస్తోంది. సర్... సర్... మళ్ళీ ఊడ్చింది. ఆగి విన్నది. సర్...

ఇంకోసారి ఆగింది. ఏమీ లేదు.

మూడేళ్ళుగా ఆ చప్పుడంటేనే ఆమెకు ఒళ్ళు మంట. ఇప్పుడది వినబడకపోతే చీపురు ఎత్తి భుజాన వేసుకుంది.

గబగబా స్తంభం దగ్గరికి వచ్చింది. గీతకు అవతల బుచ్చమ్మ నిలబడి ఉంది. చీపురు పట్టుకునే ఉంది. కదలడం లేదు. ఆమె మోకాళ్ళ దగ్గర తడి దుప్పటిలా తెల్లటిదేదో వంగి, మెల్లమెల్లగా ఆమెలోకి దిగుతోంది. కాళ్ళు అయిపోయాయి. నడుము కూడా అయిపోతోంది.

అది సత్తెవ్వ వైపు తిరిగింది. నిజంగానే దానికి మొహం లేదు.

"అడిగాను, పలకలేదమ్మా" అంది చలి మెత్తగా. "ఈ స్తంభం దగ్గర నోరు తెరిచే అలవాటు తప్పిందట కదా. పొగ లేదు. ఖాళీ ఇల్లు. మీదీ ఖాళీయేనా?"

సత్తెవ్వ కాలి బొటనవేలు మొద్దుబారింది. తర్వాత పాదం. ఎవరో తలుపు తోసుకుని, చెప్పులతోనే ఇంట్లోకి వస్తున్నట్టుంది. పరుగెత్తుదామంటే కాలు రాలేదు.

బుచ్చమ్మ కళ్ళు మాత్రం ఇంకా కదులుతున్నాయి. సత్తెవ్వనే చూస్తున్నాయి. చూస్తుండగానే తెల్లబడుతున్నాయి.

ముందు పలికితే తాను ఓడినట్టు. పలకకపోతే రేపటి నుంచి గీతకు అవతల ఎవరూ ఉండరు. మూడేళ్ళుగా దాచిన కోపం అప్పుడు ఎవరికి ఇవ్వాలి?

ఆ ఆలోచన రాగానే సత్తెవ్వ కడుపులో ఏదో భగ్గుమంది. బూడిద కింద నిప్పుకు గాలి తగిలినట్టయింది.

"ఒసేయ్ బుచ్చీ!" అని అరిచింది.

అరుపుతో పాటు ఆమె నోట్లోంచి తెల్లటి పొగ బుస్సున వచ్చింది. లోకంలో అదే మొదటిసారి.

చలి ఉలిక్కిపడి ఆమె పాదం వదిలేసింది. "అయ్యో! లోపల పొయ్యి ఉందా?"

"నేనూడ్చినంక మళ్ళ ఊడుస్తనంటివి గదనే! పదిమందిల అంటివి! మరిసిపోయిననుకున్నవా?" మాట మాటకూ పొగ.

"మీ ఇంట్లో మనుషులున్నారు, ఒప్పుకున్నా" అంది చలి. "ఆమెది మాత్రం ఖాళీయే." అంటూనే బుచ్చమ్మ గొంతు దాకా పాకింది.

సత్తెవ్వ గీత దాటింది. మూడేళ్ళలో మొదటిసారి. దాటి, బుచ్చమ్మ ఊడ్చిన నేలను, మురికికాలవ అంచును వంగి మరీ చూసింది.

"థూ! ఇదేం ఊడ్చుడే? మోరి పొంటి చెత్త గట్లనే ఉన్నది!"

బుచ్చమ్మ దవడ కదిలింది. పళ్ళు టకటకలాడాయి.

"ఏ... ఏడున్నది చెత్త?"

దారంలా సన్నగా పొగ వచ్చింది.

"గిదేంది మరి? గింత పెద్ద ఆకు!"

"అది గాలికచ్చింది! నేనూడ్చినంక అచ్చింది! నీకు కండ్లు గిట్ల మసకలైనయా అక్కా?"

ఈసారి పొగ గుప్పున వచ్చింది. చలి బుచ్చమ్మ గొంతులోంచి, నడుములోంచి, మోకాళ్ళలోంచి జారి, గీత మీద నీళ్ళలా పడి, పక్కకు పాకింది.

ఇద్దరూ ఖాసిం తాత దగ్గరికి పరుగెత్తారు. చెరో భుజం పట్టుకుని ఊపారు.

"తాతా, తిట్టు! ఎవర్నన్నా తిట్టు! పోనీ మమ్ముల తిట్టు!"

తాత జన్మలో ఎవర్నీ తిట్టి ఎరగడు. లోపల దాచుకున్న నిప్పే లేదు. పోనీ తామే తిట్టి రేపుదామని సత్తెవ్వ ఆయన తప్పు ఒక్కటన్నా ఉందా అని వెతికింది. సత్తెవ్వ మరిచిపోయే మనిషి కాదు, అందరి తప్పులూ ఆమెకు గుర్తే. ఎంత వెతికినా ఆయనది ఒక్కటీ దొరకలేదు. తాత ఇక పలకలేదు.

సూర్యుడు వచ్చాడు. అరుగు మీది మనిషిని చూశాడు.

"తప్పు నాదే" అన్నాడు. "మనిషి కూడా ఇల్లేనని ఒట్టులో చెప్పలేదు. కడుపులో నిప్పూ, విను. చలి ఎదురుగా నిలబడితే నువ్వు పొగ పంపాలి. కోపం ఉన్నవాళ్ళకూ పంపు, లేనివాళ్ళకూ పంపు. తిట్టినా పంపు, సలామ్ అన్నా పంపు."

"పంపుతా" అంది నిప్పు. సత్తెవ్వ కడుపులోంచి, బుచ్చమ్మ కడుపులోంచి, పట్నంలో అందరి కడుపుల్లోంచి ఒకే గొంతుతో అంది.

సత్తెవ్వ కోపం పోయిందా అంటే పోలేదు. గీత గీస్తూనే ఉంది. కాకపోతే చలికాలం వస్తే వీధి ఈ కొస నుంచి "బుచ్చీ, ఉన్నవా?" అని అరిచేది. "ఉన్న! నీ దిక్కు సక్కగ ఊడ్చుకో!" అని ఆ కొస నుంచి జవాబు వచ్చేది. ఆ జవాబు వస్తేనే చీపురు కదిలేది.

అప్పటినుంచే చలికాలం పొద్దున ఎవరు నోరు తెరిచినా పొగ వస్తుంది. పిల్లలు "హా... హా..." అని పొగ వదిలి, ఆట అనుకుని నవ్వుతారు. మొహం లేనిది ఒకటి ఎదురుగా నిలబడి, లోపల ఎవరైనా ఉన్నారా అని అడుగుతుందని, దానికి ఆ పొగే జవాబని వాళ్ళకు తెలియదు.