మబ్బు బావ తేన్పు

ఒకప్పుడు మబ్బులకు ఉరమడం రాదు. నిజంగానే రాదు! చప్పుడు లేకుండా వచ్చేవి, పిల్లిలా కొండ మీద కూర్చునేవి, గబగబా కురిసి వెళ్ళిపోయేవి. ఆరేసిన బట్టలు తీసుకునే వ్యవధి కూడా ఎవరికీ ఇచ్చేవి కావు.

ఆ రోజుల్లో చోడి కల్లు కూడా పొంగేది కాదు. చోళ్ళను, అంటే రాగులను, మొలకెత్తించి, దంచి, ఉడికించి, కుండలో పులియబెడితే వచ్చేదే చోడి కల్లు. తాగడం పెద్దవాళ్ళ పని, వినడం మన పని, కాబట్టి మూతి నాక్కోకుండా వినండి. ఆ కల్లులో నురగ లేదు, బుడగ లేదు. బురద నీళ్ళలా కదలకుండా పడుండేది.

కొండ మీద అందరికంటే బాగా కల్లు పెట్టేది బుద్రి. ఆ మాట ఎవరూ అనక్కర్లేదు, బుద్రే అనుకునేది. "నా కల్లులో మొహం సూసుకోవచ్చు," అని చాటింపు వేసేది. ఏడుసార్లు గుడ్డలో వడగట్టేది. అడుగున మిగిలిన మడ్డిని ముక్కు మూసుకుని పెంట మీద పారబోసేది. కుండకు మూత మాత్రం పెట్టేది కాదు. "మూత పెడితే కల్లుకి ఊపిరాడదు," అని వాళ్ళ అమ్మమ్మ చెప్పిందట. వాళ్ళ అమ్మమ్మకు ఎవరు చెప్పారో ఎవరికీ తెలియదు.

ఒక ఏడాది మబ్బు వచ్చి కొండ మీద కూర్చుంది. కూర్చుంది కూర్చున్నట్టే ఉంది. ఒకరోజు, రెండు రోజులు, అయిదు రోజులు. చుక్క రాలలేదు.

కింద వాలులో బుద్రి చోడి నారు వాడిపోతోంది. ఇంట్లో విత్తనం గింజ ఒక్కటి లేదు, అంతా నారు పోసేసింది. ఆ నారు ఎండిపోతే ఇక కొండ దిగి, ఎవరి పొలంలోనో కూలికి పోవాల్సిందే. బుద్రికి కొండ దిగడమంటే ప్రాణం పోయినంత పని.

అయిదో రోజు పొద్దున్నే బుద్రి నడుం మీద చేతులు పెట్టుకుని మబ్బును నిలదీసింది. మబ్బు ఆమెకు బావ వరస. ఎలాగంటే, ఆమె అలా అనుకుంది, అంతే.

"ఏటి బావా, అత్తారింటికొచ్చినట్టు తిష్ఠేసినావు? కురవ్వేటి?"

మబ్బు బావ మూలిగాడు. "కురవలేనే, పిల్లా. సముద్రం మీద ఊరికే దొరికింది కదా అని పీకలదాకా తాగేసినాను. కడుపు ఉబ్బరం. ఒక్క తేన్పు వస్తే సాలు, అంతా వదిలేస్తాను. రావట్లేదు!"

"వాము నమిలినావా?"

"బస్తాడు నమిలినాను. అల్లం తిన్నాను. బోర్లా పడుకున్నాను. ఏదీ పనిసెయ్యలేదు. ఇంకో పదిహేను రోజుల్లో సముద్రపు గాలొచ్చి నన్ను కొండ దాటించేస్తాది. అవతలోళ్ళ అదృష్టం!"

బుద్రి ఇంట్లోకి పరుగెత్తి అద్దంలాంటి కల్లు కుండెడు తెచ్చి పట్టింది. మబ్బు బావ వంగి గటగటా తాగాడు. కాసేపు చూశాడు. ఏమీ జరగలేదు.

"ఏటే ఇది, అంట్లు కడిగిన నీళ్ళా?" అన్నాడు.

ఓలమ్మో! బుద్రి కల్లును అంత మాట అన్నవాడు ఆ కొండ మీద బతికి బట్టకట్టలేదు. కానీ ఏం చేస్తుంది, బావ చేతికందేంత కింద లేడు. ఉక్రోషంతో పెరట్లోకి పోయి మడ్డి కుండను పెంట మీద కుమ్మరించబోయింది.

"ఆగు, ఆగవే!" అని కుండలోంచి ఎవరో అరిచారు. "నన్ను పారేసి నీళ్ళు దాసుకుంటావా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది!"

అరిచింది మడ్డి.

"నువ్వెంత, నీ బతుకెంత?" అంది బుద్రి.

"కల్లుకి ప్రాణం నానేనే. నాను తీపి తింటాను, గాలి వదుల్తాను. ఆ గాలి కల్లులో ఇరుక్కుంటే అది బుసబుస పొంగుతాది. నువ్వేమో మూత పెట్టవు, గాలంతా దారిన పోతాది."

"ఎక్కణ్ణుంచి వదుల్తావు గాలి?"

"అది నీకెందుకు?" అంది మడ్డి, కాస్త సిగ్గుపడి.

తర్వాత పని చెప్పింది. వడగట్టని కల్లును ఆనపబుర్రలో పొయ్యాలి. ఆనపబుర్ర అంటే ముదిరిన ఆనపకాయను ఎండబెట్టి, లోపల గుల్ల చేసింది. చిటికెడు బెల్లం వెయ్యాలి. మూతికి కర్ర బిరడా దిగ్గొట్టి, తేనెమైనం మెత్తి, నారతో కట్టెయ్యాలి. అంతే, ఆగాలి.

"సిటికెడా?" అంది బుద్రి. "నా సెయ్యి ఎప్పుడైనా కురస సూసినావా?" అని కోడిగుడ్డంత బెల్లం వేసింది.

మూడో రోజు ఢామ్మని పేలింది.

బుర్ర ముక్కలు ఒకవైపు, బిరడా ఒకవైపు. కల్లంతా ఇంటి కప్పుకు. కప్పు నుంచి బొట్లుబొట్లుగా బుద్రి మొగుడు గాసి మీసాల మీదకి. గాసి మీసాలు నాక్కుంటూ, "బాగానే ఉందే," అన్నాడు. నేల మీది కల్లు పొడుచుకు తాగిన కోడిపుంజు మిట్ట మధ్యాహ్నం కూసింది.

"సిటికెడని సెప్పాను," అంది కుండలో మిగిలిన మడ్డి.

బుద్రి ఇంకో బుర్ర తీసింది. ఈసారి నిజంగా చిటికెడే వేసింది. బిరడా దిగ్గొట్టింది. కానీ మర్నాటికల్లా చెయ్యి దురద పెట్టింది. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూడదా? చూస్తుంది కదా! బిరడా లాగి వాసన చూసింది. తుస్సుమంది. మళ్ళీ పెట్టేసింది. మర్నాడూ అంతే. ఆరు రోజులు, ఆరు తుస్సులు.

ఆరో రోజు గ్లాసులో పోస్తే మళ్ళీ అదే అంట్లు కడిగిన నీళ్ళు.

"నాను లోపల కష్టపడి ఊపిరి కూడబెడుతుంటే, రోజూ వచ్చి తలుపు తీస్తావేటే?" అని మడ్డి తిట్టింది. "పైగా సల్లని గోడ పక్కన పెట్టినావు. సలికి ముడుసుకుని పడుకున్నాను. నాకు వెచ్చగా ఉండాలి."

బుద్రి గడప మీద కూలబడింది. ఆరు రోజులే మిగిలాయి. కింద నారు పచ్చగా లేదు, పసుపుగా ఉంది. దాన్ని చూసి ఏడ్చింది. గొప్పలు చెప్పే నోరు కదా, అంత గట్టిగానూ ఏడ్చింది.

గాసి వచ్చి పక్కన కూర్చున్నాడు. ఊళ్ళో గాసికి ఒక పేరుంది. ఏ ఇంట్లో కల్లు దిగినా మొదటి దోసిలి అతనిదే. పుట్టినప్పుడు కూడా పాలకు కాదు, కల్లుకే ఏడ్చాడని అంటారు.

"ఆ బుర్ర నాకియ్యి," అన్నాడు.

"నీకా! దొంగ సేతికి తాళాలిచ్చినట్టు!"

"నీ సెయ్యి ఊరుకోదు, నా నోరు ఊరుకోదు. నీ సెయ్యి సంగతి సూసేసినాం. ఇప్పుడు నా నోటిని సూద్దాం."

వేరే దారి లేదు. కొత్త బుర్రలో కల్లు పోసి, చిటికెడు బెల్లం వేసి, బిరడా కొట్టి గాసి చేతిలో పెట్టింది. గాసి దాన్ని పొట్టకు ఆనించుకుని కంబళి కప్పుకున్నాడు. అలాగే తిన్నాడు, అలాగే పడుకున్నాడు. లోపల వెచ్చగా మడ్డి తన పని చేసుకుపోతోంది.

రెండో రోజు బుద్రి వచ్చింది. "ఒక్కసారి వాసన సూసి ఇచ్చేస్తాను."

"ఇవ్వను."

నాలుగో రోజు మళ్ళీ వచ్చింది. "పోనీ, ఊపి సూస్తాను."

"ఎల్లవే," అన్నాడు గాసి. పాపం, అతని నాలుక పిడచకట్టుకుపోయింది. బుర్ర లోపల సన్నగా సుయ్‌మంటూ వినిపిస్తుంటే కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి. అయినా బిరడా మీద వేలు వెయ్యలేదు. పెళ్ళయిన ఇరవై ఏళ్ళలో బుద్రి మొగుణ్ణి మొదటిసారి మెచ్చుకుంది, మనసులోనే లెండి.

ఆరో రోజు ఆకులు కదిలాయి. సముద్రపు గాలి వచ్చేసింది. మబ్బు బావ మెల్లగా జరుగుతున్నాడు.

"బావా, ఆగు!" అని ఇద్దరూ కొండ కొసకు పరుగెత్తారు. గాసి కంబళిలోంచి బుర్ర తీశాడు. బుద్రి నార కోసి బిరడా లాగింది.

బుస్స్! నురగ మూతి దాటి పైకి లేచింది. బుడగలు ఒకదాని నెత్తిన ఒకటి ఎక్కి తోసుకుంటున్నాయి.

మబ్బు బావ వంగి, బుర్ర బుర్రంతా ఒక్క గుక్కలో పట్టించాడు. బావ మొహం నల్లబడింది. కడుపులో ఏదో దొర్లింది. బుగ్గలు ఉబ్బాయి.

"ఏటైంది బావా?"

జవాబుగా తేన్పు వచ్చింది.

అబ్బో, అది తేన్పా! కొండలు కంపించాయి. మేకలు కట్లు తెంపుకున్నాయి. గాసి వెల్లకిలా పడ్డాడు. కోడిపుంజు గంప కింద దూరి మూడు రోజులు బయటికి రాలేదు.

మబ్బు బావ సిగ్గుతో నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. "పెద్దోళ్ళ ముందు..." అని నసిగాడు.

"తేన్సితే తేన్సినావు, ఇంకా నిలబడ్డావేటి?" అని అరిచింది బుద్రి. "కురువు!"

కురిశాడు. మామూలుగానా! వాలంతా తడిసింది. నారు తల ఎత్తింది. బుద్రి వానలో నిలబడి నవ్వుతూ ఏడ్చింది. గాసి ఖాళీ బుర్రను తలకిందులు చేసి నాలుక చాపాడు. ఒక్క చుక్క రాలేదు. అడుగున మడ్డి మాత్రం మిగిలింది.

బుద్రి దాన్ని పెంట మీద పొయ్యలేదు. రెండు చేతులా తీసుకెళ్ళి కొత్త కుండలో పోసి, దండం పెట్టింది. "ఈసారి తొలి దోసిలి గాసిది," అంది.

"తీపి ఎంత?" అని అడిగింది మడ్డి.

"సిటికెడే, తల్లీ!"

అప్పటినుంచే చోడి కల్లు బుసబుస పొంగుతుంది. అప్పటినుంచే మబ్బు ముందు తేనుస్తుంది, తర్వాత కురుస్తుంది. ఆ తేన్పునే మనం ఉరుము అంటాం. అప్పుడప్పుడూ సన్నగా ఉరిమి, చుక్క కూడా రాల్చకుండా మబ్బు వెళ్ళిపోతుంది, చూశారా? బావ కోసం పెట్టిన బుర్రకు ఎవరో ఆగలేక బిరడా తీసి వాసన చూశారన్నమాట.