దంతె పట్టిన పూట

శఠగోపాచార్యులు గారికి ఒక అలవాటుంది. కూర్చుని అడిగిన ప్రశ్నకు కూర్చుని జవాబు చెప్పరు. "పద, చూద్దాం" అంటూ లేచి చెప్పులు తొడుక్కుంటారు. విశాఖపట్నంలో ఆయన దగ్గర ఉపనిషత్తులు చదువుకునేవాళ్ళు కొందరు ఆ చెప్పుల వెంట నడవలేక ప్రశ్నలే మానేశారు. సుభాషిణి మాత్రం మానలేదు. ఏడేళ్ళుగా శనివారం శనివారం వచ్చే శిష్యురాలు ఆవిడ. ఒక శనివారం మధ్యాహ్నం పాఠం ముగిశాక, పుస్తకం మూయకుండానే అడిగింది.

"గురువుగారూ, సరైన గురువు దొరికినట్టు ఎలా తెలుస్తుందండీ?"

"ఎవరికి?"

"మా ఇందుజకి. గోల్ఫ్ నేర్పడానికి."

పక్కనున్న ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆచార్యులు గారు నవ్వలేదు. సుభాషిణి కళ్ళల్లో నీళ్ళు తిరగడం ఆయన చూశారు.

ఇందుజకు పదహారేళ్ళు. పన్నెండో ఏట గోల్ఫ్ కర్ర పట్టి, పధ్నాలుగు నిండకుండానే నలుగురి నోటా మంచి పేరు తెచ్చుకుంది. ఏడాదిగా ఏమైందో ఏమో, కొట్టిన బంతి కొట్టినట్టే కుడిపక్క పొదల్లోకి పోతోంది. బంతికి కర్ర తగిలేలోపే తల ఎత్తేస్తోందని మొదటి కోచ్ నెత్తిమీద చెయ్యి పెట్టి నొక్కి పట్టుకున్నాడు. రెండో ఆయన వీడియో తీసి, దానిమీద గీతలు గీసి, తల ఎత్తేస్తోందనే తేల్చాడు. మూడో ఆయన మెడకు వ్యాయామం రాసిచ్చాడు. ముగ్గురూ పేరున్నవాళ్ళే, బంతి మాత్రం ఒక్కరి మాటా వినలేదు. నెల తిరిగేసరికి రాష్ట్ర జట్టు ఎంపిక పోటీలు. ఆ పొద్దున్న పిల్ల పాలు తాగుతూ, "ఈ కర్రలు అటకెక్కించెయ్యమ్మా, ఇంక నావల్ల కాదు" అంది. ఏడ్చి ఉంటే తల్లి ఓదార్చేది. అంత నిమ్మళంగా అనేసరికి ఏం చెయ్యాలో తోచలేదు.

"ఇవాళ ఫిలోమినా గారని నాలుగో ఆవిడ చూస్తానన్నారు. మళ్ళీ పొరబడితే మా పిల్ల ఇంక ఆట ముట్టదండీ. ఏం చూసి ఒప్పుకోవాలో చెప్పండి."

"పద, చూద్దాం."

క్లబ్బు గేటు దగ్గర చిన్న చిక్కొచ్చింది. కాలరున్న చొక్కా లేనిదే లోపలికి వదలరట. ఆచార్యులు గారి ఒంటిమీద పంచె, ఉత్తరీయం తప్ప ఏమీ లేవు. ఆయన రవ్వంత కూడా నొచ్చుకోలేదు. "కొన్ని గుళ్ళల్లో విప్పమంటారు, ఇక్కడ తొడుక్కోమంటారు, అంతేగా" అని సుభాషిణి కారులో ఉన్న వాళ్ళాయన గళ్ళ చొక్కా తొడుక్కున్నారు. కాపలా మనిషి పంచె వంక చూసీ చూడనట్టు ఊరుకున్నాడు.

లోపల ఇందుజ అప్పటికే సిద్ధంగా ఉంది. ఫిలోమినా గారికి యాభై దాటి ఉంటాయి, పెద్ద టోపీ, చేతిలో కాగితం గానీ కెమెరా గానీ లేదు. సుభాషిణి ఎప్పుడూ నిలబడే చోటే నిలబడింది. పిల్లకు ఎదురుగా, పది అడుగుల దూరంలో, తల ఎత్తితే కనిపించేటట్టు. నాలుగేళ్ళుగా ఒక్క పూట కూడా ఆ చోటు ఖాళీగా ఉంచలేదు. బంతి సరిగ్గా పోతే ఆవిడ ముఖం వెలిగేది, పోకపోతే నవ్వడానికి ప్రయత్నించేది.

ఇందుజ నాలుగు బంతులు కొట్టింది. నాలుగూ పొదల్లోకే. ఐదో బంతి ఎటు పోయిందో ఫిలోమినా గారు చూడనైనా లేదు. పిల్ల కళ్ళను చూశారు, ఆ కళ్ళు పోయిన వైపు తిరిగి సుభాషిణిని చూశారు. 'బంతిని వదిలేసి నన్ను చూస్తుందేమిటీవిడ? ఇదీ అయ్యే పని కాదు' అనుకుంది సుభాషిణి.

"ఏమనుకోకండి, ఓ సాయం చేస్తారా?" అన్నారు ఫిలోమినా గారు. "అమ్మాయి వెనకాల ఆ ఇసుక గుంట ఉంది చూశారూ? అందులో దిగినవాళ్ళు తమ అడుగులు తామే చెరిపి రావాలి, అది ఇక్కడి పద్ధతి. పొద్దున్న నేర్చుకున్నవాళ్ళు మరిచిపోయారు. ఇసుక చదునుచేసే పళ్ళ దంతె అక్కడే ఉంది, కాస్త సరిచేసి పెట్టండి."

సుభాషిణికి ఒళ్ళు మండింది. పరీక్షించడానికి వచ్చిన మనిషికి పని చెబుతుందా! గురువుగారి వైపు చూస్తే ఆయన తీరిగ్గా సముద్రం చూస్తున్నారు. చేసేది లేక వెళ్ళింది.

పని చూసినంత సులువుగా లేదు. ముందుకు నడుస్తూ దంతె లాగి వెనక్కి చూస్తే, సరిచేసిన ఇసుక నిండా తన అడుగులే. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ అంతే. మూడోసారికి కిటుకు తెలిసింది. అవతలి గట్టు నుంచి దంతెను తనవైపు లాక్కుంటూ, ఒక్కో అడుగూ వెనక్కి వేస్తూ రావాలి. అప్పుడు వెనక అడుగు పెట్టేలోపే ముందరి అడుగు చెరిగిపోతుంది. ఆ ధ్యాసలో పడి కాసేపు కూతుర్నే మరిచిపోయింది.

అప్పుడు చప్పుడు వినిపించింది. రోజూ వినే చితికిన చప్పుడు కాదు, 'టక్' మని ఒక్క ముక్కలో తెగినట్టు. తిరగబోయి ఆగింది, నాలుగు అడుగుల పని మిగిలుంది. రెండు బంతులు మళ్ళీ పొదల్లో పడ్డ శబ్దం. తర్వాత మళ్ళీ 'టక్'. ఆ వెంటనే ఇందుజ నవ్వు, ఏడాదిగా ఇంట్లో వినపడని నవ్వు. గట్టెక్కి చూస్తే పిల్ల తల ఇంకా దించే ఉంది, బంతి లేచిపోయిన ఖాళీ చోటును చూస్తోంది. తర్వాత నింపాదిగా తలెత్తి, తిన్నగా పోతున్న బంతిని చూసింది. అమ్మ కోసం చూడలేదు. సుభాషిణికి ఒక్క క్షణం చివుక్కుమంది. ఆ తర్వాత కళ్ళు తుడుచుకుంది.

చీకటి పడకముందే ఇందుజ కర్రల సంచీ తనే మోసుకొచ్చి కారులో పెట్టింది. అటక మాట ఎత్తలేదు. "ఇంతసేపూ ఎక్కడికెళ్ళావమ్మా?" అని మాత్రం అడిగింది.

ఆచార్యులు గారు గళ్ళ చొక్కా విప్పి మడత పెడుతున్నారు. సుభాషిణి గొంతు తగ్గించి, "గురువుగారూ, మీరింకా నా ప్రశ్నకు జవాబు చెప్పలేదు. ఈవిడేనంటారా? పిల్లకు ఒక్క ముక్కయినా నేర్పినట్టు లేదండీ" అంది.

"ఇసుకలో నీ అడుగులేమైనా మిగిలాయా అమ్మా?"

"లేవండీ. వెనక్కి నడుస్తూ అన్నీ చెరిపేశాను."

ఆయన చొక్కా ఆవిడ చేతికిచ్చారు.

"ఇవాళ్టి పాఠం నీకు. పిల్లకు రేపటి నుంచి మొదలుపెట్టమను."