గుమ్మడి టేకు గిన్నెలు

ఈసారి ఏ గిన్నెలు పట్టుకెళ్లాలన్నదే ఖాదరప్ప దిగులు. ఆ దిగులుతో అతనికి వానాకాలమంతా అన్నం సయించలేదు.

వినేవాళ్లకి ఇదీ ఒక దిగులేనా అనిపిస్తుంది. ఖాదరప్ప చేతిలో గంజి గరిటె ఉందని తెలిస్తే అలా అనిపించదు.

సముద్రం ఒడ్డున, ఉప్పు మడుల పక్కన, నూరుల్లా బాబా తకియా ఉండేది. నాలుగు తాటాకు పాకలు, ఒక పొయ్యి, బాబా, ఆయన్ని నమ్ముకున్న ఫకీర్లు, అంతే తకియా అంటే. ఏటా వానలు వెనకపట్టు పట్టాక లంబాడీల బిడారు ఎద్దుల మీద ఉప్పు గోతాలు వేసుకుని పడమటి మెట్టసీమకి బయల్దేరేది. బాబా శిష్యులతో సహా ఆ బిడారు వెంట వెళ్లేవాడు. అక్కడ ఒక బోడిగుట్ట మీద ఆయన గురువు సమాధి ఉంది. ఉరుసు నాడు ఆ గుట్ట ఎక్కిన ప్రతివాళ్లకీ, ఏ కులమని అడక్కుండా, వేడివేడి జొన్నగంజి పొయ్యాలి. ఆఖరి మనిషి తాగేదాకా బాబా గంజి ముట్టడు. ఆ గంజి పోసే గరిటె ఖాదరప్పది. తకియాలో అంతకు మించిన మర్యాద లేదు.

పోయినేడు అతను మట్టి మూకుళ్లు పట్టుకెళ్లాడు. గుట్ట కనుచూపు మేరలోకి వచ్చిందనగా వాగులో ఎద్దు కాలు జారింది. ఒడ్డెక్కి గోతం విప్పితే అంతా పెంకులే. మర్నాడు జనం దోసిళ్లు పట్టారు. ఓర్చుకోగలిగినవాళ్లు ఊదుకుంటూ తాగారు. ఒక ముసలమ్మ చేతులు వణికి, గంజి వేళ్ల మీద ఒలికి, చురుక్కుమని చెయ్యి విదిలించుకుంది. "పోనీలే నాయనా" అని వచ్చిన దారినే దిగిపోయింది. ఖాదరప్ప ఆమె వీపు కనుమరుగయ్యేదాకా చూస్తూ నిలబడ్డాడు.

ఆ రోజు బాబా గంజి ముట్టలేదు. ఖాదరప్పని ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది.

మళ్లీ తన గిన్నెల వల్ల ఒక్కరు పస్తు వెళ్లినా, గరిటె బాబా పాదాల దగ్గర పెట్టేసి, మా ఊరెళ్లి మా నాన్నలాగే దూది ఏకుకుంటానని ఖాదరప్ప మనసులో ఒట్టు పెట్టుకున్నాడు.

అందుకే ఈసారి గిన్నెలు పగలకూడదు. పోనీ ఇత్తడివి తీసుకుందామంటే బిడారు నాయకుడు రూప్లా నాయక్ ఆ మూట ఒకసారి ఎత్తి చూసి, దించి, నడుం పట్టుకున్నాడు.

"ఏం తమ్ముడూ, ఇత్తడి కొట్టుకి కొట్టే తెచ్చావా? మీకిచ్చేది ఒక్క ఎద్దు. బాబాకి మోకాళ్లు నొప్పులు, ఆయన ఎక్కాలి. అది ఆయన్ని మొయ్యాలా, నీ గిన్నెల్ని మొయ్యాలా?"

ఇత్తడి వెనక్కి పోయింది. కొబ్బరి చిప్పలు కింద పెడితే దొర్లిపోయాయి. సొరబుర్రలు గాలిలా తేలిగ్గా ఉన్నాయి గానీ ఒక్క గుద్దుకి నోరు తెరిచాయి. దొన్నెల్లో గంజి పోస్తే ఊపిరి పీల్చేలోగా నేల తాగేసింది.

చివరికి ఉండబట్టలేక బాబానే అడిగాడు.

"బాబా, తేలిగ్గా ఉండాలి, పగలకూడదు. ఎలాంటి గిన్నె తీసుకోమంటారు?"

బాబా గడ్డం గోక్కున్నాడు. "గంజి పోస్తే తాగడానికి వీలుగా ఉండేది తీసుకో నాయనా."

ఇదేం జవాబని ఖాదరప్పకి ఉక్రోషం వచ్చింది. పైకి మాత్రం తల ఊపాడు.

వడ్రంగి దగ్గర పనికొచ్చేది దొరికింది. గుమ్మడి టేకు కర్ర. పట్టుకుంటే దూది, కొడితే రాయి. దగ్గర కూర్చుని, తరిణె మీద తిప్పించి, పల్చటి గిన్నెలు చేయించాడు. ఒక గిన్నెని పాక కప్పు మీంచి విసిరాడు, చెక్కుచెదరలేదు. బోర్లించి దాని మీదెక్కి నిలబడ్డాడు, కిక్కురుమనలేదు. మూట మొత్తం ఒంటిచేత్తో ఎత్తి రూప్లా నాయక్ ముందు ఊపాడు. ఎన్నో నెలల తర్వాత ఆ రోజు కడుపునిండా తిన్నాడు.

తర్వాత ఇంటి నుంచి శుభ్రంగా ఏకిన పత్తి తెప్పించాడు. ఒక్కో గిన్నెకీ ఒక్కో పత్తి పరుపు. కొత్త పెళ్లికూతుర్ని కూడా ఎవరూ అంత ఒద్దికగా పల్లకీ ఎక్కించరు. గోతం మూతి కుట్టబోతుంటే బాబా వచ్చి చెయ్యి చాచాడు.

"నాకొకటి ఇలా ఇవ్వరా."

"ఉరుసుకి కదా బాబా ఇవి."

"ఊఁ. ఇవ్వు."

ఇవ్వక తప్పలేదు.

దారి పొడవునా ఆ ఒక్క గిన్నె ఖాదరప్ప ప్రాణం తోడేసింది. బాబా అందులోనే తినేవాడు, అందులోనే నీళ్లు తాగేవాడు. అడుగున అంటుకున్న సంకటిని గోటితో గీకేవాడు. నూనె కారే ఊరగాయ అందులోనే కలిపేవాడు. ఓసారి అందులో ఎద్దుకి కుడితి కూడా పట్టాడు. చూస్తుండగానే అది నల్లబడి, పసుపు మరకలు పడి, అంచు అరిగి, ఎవరి అటక మీదో పాత సామానులా తయారైంది. మిగతావాళ్లందరికీ ఖాదరప్ప సంకటి ముద్దలు మోదుగ విస్తళ్లలో వడ్డించేవాడు.

"గిన్నెలున్నాయి కదరా, ఒకటి తియ్యి" అని తోటి ఫకీర్లు అడిగితే, "ఉరుసుకి!" అని గోతం మీద చెయ్యి వేసేవాడు.

మన్యం దాటాక ఒక మధ్యాహ్నం గొర్రెల కాపరి ఒకడు దాహమని వచ్చాడు. కుండలో మజ్జిగ ఉంది. ఖాదరప్ప గోతం వంక చూశాడు, కాపరి వంక చూశాడు.

"దోసిలి పట్టు అన్నా" అన్నాడు.

కాపరి వంగి దోసిలి పట్టాడు. సగం మజ్జిగ మోచేతుల మీంచి ఇసకలోకి కారిపోయింది. చెట్టు కింద కూర్చున్న బాబా లేచి కుంటుకుంటూ వచ్చి, తన గిన్నె కాపరి చేతిలో పెట్టి, మళ్లీ వెళ్లి కూర్చున్నాడు. ఖాదరప్పకి చెవులు వేడెక్కాయి. అయినా గోతం విప్పలేదు.

మెట్టసీమ గాలి మొదలైంది. తడి అన్నదే లేని గాలి. మనుషుల పెదాలు పగిలాయి, మడమలు పగిలాయి, ఎద్దుల గిట్టలు కూడా బీటలు వారాయి. నా గిన్నెలు మాత్రం పత్తిలో హాయిగా పడుకున్నాయని ఖాదరప్ప రోజూ సంతోషపడ్డాడు. వాగులో ఎద్దుని తనే ముకుతాడు పట్టి దాటించాడు. బాబాని పట్టుకోవాల్సిన చెయ్యి గోతాన్ని పట్టుకుందని రూప్లా నాయక్ నవ్వితే, అది కూడా వినిపించుకోలేదు.

ఉరుసు నాటి పొద్దున గుట్ట మీద గంజి కుతకుతమంటోంది. కింద బాట నిండా జనం. ఖాదరప్ప గోతం విప్పి, మొదటి గిన్నె పత్తి తీశాడు.

అంచు నుంచి అడుగు దాకా వెంట్రుకంత బీట.

రెండోదీ అంతే. గబగబా పత్తి పీకి పారేశాడు. ఒకదానికి ఒక బీట, ఇంకొకదానికి రెండు. వడ్రంగిని తొందరపెట్టి, ఇంకా ఆరని పచ్చికర్రనే తరిణె పట్టించాడు. ఇన్నాళ్లూ ఎండుగాలి ఆ పల్చటి కర్రని పీలుస్తూ ఉంటే, ఉన్న కాస్త చెమ్మనీ పత్తి పీల్చింది. ఒకదాంట్లో నీళ్లు పోసి పైకెత్తాడు. అడుగు నుంచి బొట్టు, వెనకే ఇంకో బొట్టు.

గిన్నెల మధ్యే కూలబడ్డాడు. కళ్లు మసకబారాయి. అప్పుడే ఎవరో నెమ్మదిగా, కర్ర పొడుచుకుంటూ పైకొచ్చి అతని ముందు నిలబడ్డారు.

"ఈతూరన్నా గిన్నె ఉండాదా నాయనా?"

అదే ముసలమ్మ.

ఖాదరప్ప లేచి, గరిటె తీసుకుని, బాబా దగ్గరికి వెళ్లి, ఆయన పాదాల దగ్గర పెట్టాడు.

"నా వల్ల కాదు బాబా. మళ్లీ పగిలాయి. నేను మా ఊరెళ్లిపోతాను."

బాబా గరిటె వంక చూడలేదు. గిన్నెల కుప్ప దగ్గరికి వచ్చి ఒకటి తీసి, ఎండకేసి పట్టి, బీటలోంచి ఖాదరప్పని చూశాడు. తర్వాత తన పాత గిన్నె నిండా గంజి ముంచి, తన కండువా చుట్టి, ముసలమ్మని ఒక బండ మీద కూర్చోబెట్టి ఆమె రెండు చేతుల్లో పెట్టాడు. ఆ మరకల గిన్నెకి మాత్రం ఎక్కడా బీట లేదు.

"నిదానంగా తాగమ్మా. తొందరేం లేదు."

మిగతా గిన్నెలన్నీ నేల మీద వరసగా, అచ్చం బంతిలో మనుషుల్ని కూర్చోబెట్టినట్టు పేర్చాడు. ఆ పని ఆయన మోకాళ్లకి ఎంత కష్టమో చూసి తోటి ఫకీరు సాయం రాబోతే వద్దన్నాడు. అంతా అయ్యాక గరిటె తీసి ఖాదరప్ప చేతిలో పెట్టాడు.

"పొయ్యి."

"కారిపోతుంది బాబా."

"ముందు వీటికి పొయ్యరా. బయల్దేరిన నాటి నుంచి పస్తున్నాయి."

ఖాదరప్ప పోశాడు. ఒక్కో గిన్నెలో గరిటెడు గంజి పోసుకుంటూ వెళ్లాడు. పైకొచ్చిన జనం ఇదేం చోద్యమని గిన్నెల వెనక వరసగా కూర్చున్నారు. గంజి ఎలాగూ పొగలు కక్కుతోంది, ఆరేదాకా ఎవరూ తాగలేరు. బీటల్లోంచి గంజి ఊరింది, చిక్కటి బొట్లుగా నేల మీద పడింది. ఎవరో పాట అందుకున్నారు. రూప్లా నాయక్ చంకన డప్పుతో వచ్చి కూర్చున్నాడు.

పాట సగంలో ఉండగా ఖాదరప్ప వంగి చూశాడు. మొదటి గిన్నె కింద బొట్టు ఒకటి వేలాడుతూ ఉంది, పడటం లేదు. కర్ర ముదురు రంగు తిరిగింది. గంజి తాగి, ఉబ్బి, బీట పెదాలు దగ్గరికి చేర్చింది. రెండో గిన్నె ఎత్తాడు. మూడోది ఎత్తాడు. ఒక్కోటి ఎత్తి చూస్తుంటే గుండెల మీంచి ఒక్కో గోతం దించినట్టయింది. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది, రెండూ ఆపుకోలేదు.

"ఇక తాగండి! తాగండయ్యా!" అని అరిచాడు.

ఒకే ఒక్క గిన్నె బీట మరీ పెద్దదై కారుతూనే ఉంది. దాన్ని ఎవరికీ ఇవ్వకుండా తను ఉంచుకున్నాడు.

ముసలమ్మ అప్పటికి గిన్నె అడుగు వేలితో తుడుచుకుంటోంది.

"ఇంకాస్త పొయ్యనా అవ్వా?"

"పొయ్యి నాయనా. పోయినేటిది కూడా బాకీ ఉండాదే!"

ఆఖరి మనిషి దిగిపోయాక బాబా గంజి తాగాడు. పక్కనే కూర్చుని ఖాదరప్ప తన కారే గిన్నెలో, కింద అరచెయ్యి పెట్టుకుని, గబగబా తాగాడు. గడ్డం మీంచి కారిన గంజి చూసి బాబా పకపకా నవ్వాడు.

మర్నాడు పొద్దున్నే తిరుగు ప్రయాణం. రూప్లా నాయక్ ఎద్దుకి బరువు సర్దుతూ తకియా గోతం ఎత్తాడు. ఖాళీగా వేలాడింది. ఎద్దు వీపు మీద, బాబా మోకాళ్లు ఆనే చోట, శుభ్రంగా ఏకిన పత్తి మెత్తగా పరిచి ఉంది.

"ఏం తమ్ముడూ, నీ గిన్నెలేవి?"

రాళ్ల పొయ్యి చుట్టూ ఫకీర్లు, లంబాడీలు, దారిన పోతూ ఆగిన ఇద్దరు ముగ్గురు కూర్చుని చద్ది సంకటి గీకి గీకి తింటున్నారు. ఖాదరప్ప వాళ్ల వైపు చూపించాడు.

"తింటున్నాయి నాయకా. కాస్త ఆగు."