చివరి చాప

మైలారి కూడా చెడిపోతున్నాడని మడివాళయ్యకు దిగులు పట్టుకుంది.

నల్లమల అంచున ఉన్న ఆ మఠంలో పాత తాటాకు గ్రంథాలకు నకళ్ళు రాయడం నేర్పుతారు. నేర్చుకునేవాళ్ళు పన్నెండుగురు, అందరూ పద్దెనిమిది ఇరవై ఏళ్ళవాళ్ళు. గురువు చెన్నవీరస్వామికి డెబ్బై ఆరేళ్ళు. మోకాళ్ళు పట్టేయడంతో రెండేళ్ళ కిందట ఆ పని పెద్ద శిష్యుడు మడివాళయ్యకు అప్పగించారు.

స్వామి నేర్పిన రోజుల్లో రోజుకొకరి పక్కన కూర్చునేవారు. పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా ఆ ఒక్కడి చేతినే చూసేవారు. మాట్లాడింది తక్కువ. ఒక్కోసారి మణికట్టు పట్టుకుని కాస్త పక్కకు జరిపేవారు, అంతే. మడివాళయ్యకు అది కాలం దండగ అనిపించేది.

పని తన చేతికి రాగానే పద్ధతి మార్చాడు. ప్రతి పౌర్ణమికి అందరూ రాసిన ఆకులు తెప్పించి, మసి పూయించి, వాకిట్లో కూర్చుని తప్పులు లెక్కపెట్టేవాడు. తప్పులు తక్కువ ఉన్నవాడికి, చావడిలో కూర్చుని రాయడానికి గుమ్మం పక్క చాప. తర్వాతివాడికి దాని వెనక చాప. అలా వరసగా వెళ్ళి, అందరికన్నా ఎక్కువ తప్పులు చేసినవాడు చావడి చివర గాదె పక్కకు చేరేవాడు. మూడు పౌర్ణములు అక్కడే ఉండిపోతే ఇంటికి పంపేయడం. మొదటి ఏడాదే నకళ్ళు రెట్టింపయ్యాయి. చుట్టుపక్కల మఠాలవాళ్ళు వచ్చి ఆ పద్ధతి చూసి మెచ్చుకుని వెళ్ళారు.

రెండో ఏడు, చేరి పది నెలలైన రేవణ్ణ అనే కుర్రవాణ్ణి అలా ఆ చివరి చాప మీంచి పంపేయాల్సి వచ్చింది. నెల తిరిగేసరికి, జ్వరంలో రాసిన ఆకుల వల్ల, ఆ చాప మీదికి మైలారి వచ్చాడు. అంతకుముందు ఏడో చాపకు దిగనివాడు. ఇప్పుడు పంక్తికో తప్పు. మిగతావాళ్ళు అది శనిచాప అనీ, దాన్ని తగలబెట్టి కొత్తది అల్లించాలనీ వేళాకోళం మొదలుపెట్టారు. రాత్రి పడుకునేటప్పుడు ఆ చాపకు కాళ్ళు తగలకుండా చూసుకోరా అని మైలారినే ఆటపట్టించారు. మైలారి మొదట్లో నవ్వాడు. తర్వాత మానేశాడు.

మడివాళయ్య స్వామి దగ్గరికి వెళ్ళి సంగతంతా చెప్పాడు. కొందరికి చెయ్యి పుట్టుకతోనే వంగదనీ, మైలారిని మూడో పౌర్ణమి దాకా ఉంచడం కూడా అనవసరమనీ అన్నాడు.

స్వామి అంతా విన్నారు.

"రేవణ్ణ నిన్ను ఎప్పుడైనా ఏమైనా అడిగాడా?"

మడివాళయ్య ఆలోచించాడు. రేవణ్ణ ఒకసారి అడిగాడు. "అయ్యవారూ, ఒక్కపూట నా పక్కన కూర్చుంటారా" అన్నాడు. ముందు తప్పులు తగ్గించు, కూర్చుంటానని తాను జవాబిచ్చాడు. అదే చెప్పాడు స్వామికి.

స్వామి కర్ర పట్టుకుని లేచారు. రెండేళ్ళ తర్వాత చావడిలో అడుగుపెట్టారు. రాస్తున్నవాళ్ళంతా లేవబోతే చేత్తోనే వారించారు. గాదె దాకా నడిచి, మైలారిని లేపి పక్కన నిలబెట్టి, మడివాళయ్యకు ఆ చాప చూపించారు.

"ఒక్క ఆకు రాయి నాయనా."

ఆ మఠంలో మడివాళయ్యను మించిన చెయ్యి లేదు. గంటం అందుకుని తొడ మీద ఆకు పెట్టుకున్నాడు. గంటంతో గీసిన అక్షరానికి రంగుండదు. మసి పూసేదాకా అది ఒట్టి గీత. ఆకును వెలుతురుకు వాల్చుకుంటే తప్ప రాసింది రాసేవాడికే కనిపించదు. మడివాళయ్య ఆకును ఇటు వాల్చాడు, అటు వాల్చాడు. చావడికి ఉన్నది ఒక్కటే గుమ్మం. గుమ్మానికీ తనకూ మధ్య పది వీపులు. మూడో పంక్తికి తాను ఎక్కడ ఆపాడో వేలితో తడుముకోవాల్సి వచ్చింది. నుదుటి విభూతి చెమటకు కరిగి కంట్లో పడింది. అయినా ఆకు ముగించాడు.

స్వామి ఆ ఆకును మైలారి చేతికిచ్చి, మసి పూసి వాకిట్లోకి తీసుకెళ్ళి తప్పులు చూసుకురమ్మన్నారు. మైలారి వెళ్ళి చాలాసేపటికి గాని రాలేదు. వచ్చినా నోరు విప్పలేదు.

"చెప్పరా. ఆయన ఎవరికీ తగ్గించి చెప్పలేదు" అన్నారు స్వామి.

"పదకొండు స్వామీ."

రేవణ్ణ చివరి ఆకులో తప్పులు తొమ్మిది. మడివాళయ్యకు అందరి లెక్కలూ నోటికి వచ్చు.

మడివాళయ్య తువ్వాలు భుజాన వేసుకుని ఆ మధ్యాహ్నమే బయలుదేరాడు. రేవణ్ణ ఊరు మూడు రోజుల నడక.

రేవణ్ణ సున్నపు బట్టీలో పని చేస్తున్నాడు. కనుబొమల దాకా తెల్లగా ఉన్నాడు. అయ్యవారిని చూసి చేతులు కడుక్కుని వచ్చి కాళ్ళకు దణ్ణం పెట్టాడు, ఇంటికి తీసుకెళ్ళి తల్లి చేత అంబలి పోయించాడు. అలకేమీ లేదు. మఠంలో ఎవరెవరు ఎలా ఉన్నారో అడిగాడు. అరుగు మీద అతని మేనమామ సున్నం బస్తా మూతి కుడుతున్నాడు. కుట్టడానికి ముందు గోనెను గంటంతో పొడుస్తున్నాడు. అది మఠం గంటమే. మడివాళయ్య గుర్తుపట్టాడు.

వచ్చిన పని చెప్పాడు. తప్పు చేతిది కాదు, చోటుది. తాను అక్కడ కూర్చుని రాస్తే పదకొండు వచ్చాయి. గుమ్మం పక్కన చాప వేయిస్తాను, రోజూ పక్కనే కూర్చుంటాను, రమ్మన్నాడు. అంతమందిలో పంపేసినందుకు క్షమించమని కూడా అడిగాడు. ఆ మాట అతను అంతకుముందు ఎవరితోనూ అనలేదు.

రేవణ్ణ తల వంచుకుని విన్నాడు.

"మీది పెద్ద మనసు అయ్యవారూ. నా బాధ చూడలేక అట్లా అంటున్నారు. పది నెలలు మీరు ఒక్కొక్క అక్షరం ఎంచి చూశారు. మీరు చూసినాక ఇంకేముంది? నాకు రాయడం రాదు."

మడివాళయ్య రెండు రోజులు అక్కడే ఉన్నాడు. మళ్ళీ చెప్పాడు, తల్లి చేత చెప్పించాడు. ఒక ఆకు ఇచ్చి ఎండలో కూర్చుని ఒక్క పంక్తి రాయమన్నాడు. రేవణ్ణ ఆకు పుచ్చుకుని కళ్ళకద్దుకున్నాడు. మర్యాదగా తిరిగి ఇచ్చేశాడు.

మఠానికి వచ్చేసరికి సాయంత్రమైంది. స్వామి అరుగు మీద కూర్చుని ఉన్నారు. మడివాళయ్య కాళ్ళు కూడా కడుక్కోకుండా కింద కూలబడ్డాడు. ఎంత చెప్పినా రేవణ్ణ వినలేదనీ, తనకు రాయడం రాదనే ఒక్క మాట మీదే ఉన్నాడనీ, ఎంత ప్రయత్నించినా అది అతని తలలోంచి పోలేదనీ చెప్పాడు.

స్వామి నీళ్ళ చెంబు అతని ముందుకు జరిపారు.

"ఎలా పోతుంది నాయనా? నువ్వు వాడికి నేర్పింది అదొక్కటే. బాగా నేర్పావు."