కదిలితే బొమ్మ చెడుతుంది

ఒకానొక రాజ్యంలో రాజుగారికి సంగీతమంటే ప్రాణం. సంగీతానికి మాత్రం రాజుగారంటే ప్రాణభయం. ఆ రాజ్యం పేరు నీలాద్రిపురం, ఆ రాజు పేరు మార్తాండ భూపతి.

మనిషి చెడ్డవాడేం కాదు. ఏ ఊరి నుంచి గాయకులు వచ్చినా తానే ఎదురెళ్ళి పిలుచుకొచ్చేవాడు. పక్కన కూర్చుని నెయ్యి వడ్డించి మరీ తినిపించేవాడు. గొంతుకు మంచిదని మిరియాల పాలు దగ్గరుండి కాయించేవాడు. కచేరీ మొదలయ్యేదాకా అంతా సవ్యంగానే నడిచేది. పాట ఎత్తుకోగానే ఆయన కుడిచెయ్యి లేచేది. అది తొడ మీద పడితే ఫెళ్ళున మోగేది. తాళం వేయకుండా పాట వినడమంటే ఆయన లెక్కలో ఉప్పు లేని పప్పు తినడమే.

అక్కడితో ఆగినా బాగుండును. రాజు తాళం వేస్తుంటే కొలువు చేతులు ముడుచుకు కూర్చోవడం మర్యాద కాదని ఆ సభలో తాతలనాటి ఆచారం ఒకటి ఉంది. ఆయన తొడ చరిస్తే దివాను చరిచేవాడు, దివాను చరిస్తే సేనాపతి, ఆ వెనక పండితులు, వర్తకులు, చివరికి తలుపు దగ్గరి బంట్రోతులు. పాడేవాళ్ళ పెదవులు కదలడం కనిపించేది గాని పాట వినిపించేది కాదు. ఊళ్ళో జనం నెలల తరబడి ఎదురు చూసి, ఉతికిన బట్టలు కట్టుకుని ఆశగా వచ్చి, రెండు జాములసేపు చాకిరేవు చప్పుడు విని ఇళ్ళకు పోయేవారు. వచ్చిన గాయకుల్లో రెండోసారి వచ్చినవాళ్ళు లేరు.

ఆ కొలువులో కొండుభొట్లు అని ఒక చమత్కారి ఉండేవాడు. రాజుకు అతనంటే చనువు, అతనికి రాజంటే అభిమానం. ఒకసారి అతను ధైర్యం చేసి ఆ చెయ్యి కాస్త అదుపులో పెట్టుకోమని బతిమాలాడు కూడా. రాజు అలాగేనని మాటిచ్చి, తీరా కచేరీలో పల్లవి ముగియకముందే మొదలుపెట్టాడు. అదేమిటి ప్రభూ అంటే, "నేనేం చెయ్యనోయ్, చెయ్యి నా మాట వినదు," అని నిజంగానే నొచ్చుకున్నాడు. అలాంటి మనిషిని ఏమని తిడతాం?

ఆ ఏడు నవరాత్రులకు తాయారమ్మగారు పాడటానికి వచ్చింది. ఆవిడ పెద్ద విద్వాంసురాలు. వయసు మీదపడి సభల్లో పాడటం ఎప్పుడో మానేసింది. కొండుభొట్లు స్వయంగా వెళ్ళి, మా రాజు పాట వినడం కోసం ప్రాణమిస్తాడమ్మా, మీ పాటకు ఏ లోటూ రానివ్వను, నాదీ పూచీ అని ఒప్పించి పల్లకీలో తీసుకొచ్చాడు. ఈసారి పాడేది ఇంత పెద్దావిడ కదా, రాజుగారు ఆ మాత్రం తగ్గరా అని అతని ఆశ.

ఆశ ఆశగానే మిగిలింది. ఆవిడ ఆనందభైరవిలో ఒక పాతకాలపు కీర్తన ఎత్తుకుంది. ఆ కీర్తనకు ఒక నడక ఉంది. అది తాళం దెబ్బతో పాటు మొదలవదు. దెబ్బ పడ్డాక ఒక్క క్షణం ఆగి, అప్పుడు అందుకుంటుంది. ఆ ఆగడంలోనే దాని అందమంతా ఉంది. రాజుగారికి ఆ ఆగడం వినపడలేదు, తన దెబ్బే వినపడింది. దెబ్బ ముందు పడుతోంది, పాట వెనక వస్తోంది. పాపం, పెద్దావిడ వెనకబడుతోంది అనుకున్నాడు. సాయం చేద్దామని ఇంకాస్త గట్టిగా చరిచాడు. సభంతా అంతకన్నా గట్టిగా చరిచింది. ఆవిడ పాట అర్ధంతరంగా ముగించి, నమస్కారం పెట్టి లేచింది.

"మహానుభావురాలే గాని, వయసు కదా. తాళం తప్పుతోంది," అన్నాడు రాజు, జాలిగానే. మంచి పట్టుచీర పెట్టి సగౌరవంగా సాగనంపమని దివానుకు చెప్పాడు.

రాజు నోట వచ్చిన మాట కోటలో ఎంతసేపు ఆగుతుంది? తెల్లారేసరికి తాయారమ్మకు తాళం తప్పిందట అని కూరలమ్మేవాళ్ళ దాకా పాకింది.

కొండుభొట్లు విడిదికి వెళ్ళేసరికి ఆవిడ తంబురాకు గలీబు తొడుగుతోంది. అతనికి ముఖం ఎత్తి చూడబుద్ధి కాలేదు. ఆవిడ కోప్పడి ఉంటే బాగుండేది, కోప్పడలేదు.

"చీర అక్కడే పెట్టాను, తీసుకుపోండి బాబూ," అంది. "నాకు సన్మానాల మీద మోజు ఎప్పుడో తీరింది. తాళం తప్పిందన్న మాట మాత్రం ఈ వయసులో మోసుకుపోలేను. మా గురువుగారు ఒళ్ళో కూర్చోబెట్టుకుని నేర్పిన పాట అది. రేపు నా దగ్గర నేర్చుకునే వాళ్ళు దాన్ని ఏ మొహంతో పాడతారు?"

కొండుభొట్లుకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. పూచీ పడింది తాను, పరువు పోయింది ఆవిడది. "అమ్మా, ఈ ఒక్క పూటా ఉండండి. అదే సభలో అదే పాట మళ్ళీ పాడండి. ఈసారి మీ పాట వినిపించకపోతే ఆ పల్లకీ బొంగు నేనే మోసి మిమ్మల్ని ఇంటికి చేరుస్తాను," అన్నాడు. ఆవిడ తంబురా గలీబు మళ్ళీ విప్పింది.

అతను అక్కడి నుంచి తిన్నగా రాజు దగ్గరికి వెళ్ళి, ఆవిడ చేత ఆ పాటే ఇంకోసారి పాడించాలని విన్నవించుకున్నాడు. మళ్ళీ తాళం తప్పితేనో అని అడిగాడు రాజు. తప్పితే కొలువులో నా ఆసనం ఖాళీ చేసి దేశాలు పట్టి పోతానన్నాడు కొండుభొట్లు. రాజు ఒప్పుకున్నాడు. ఇంతకుముందు చెయ్యి కట్టుకోమని అడిగినవాడు ఈసారి ఆ ఊసే ఎత్తలేదు. పోతూ పోతూ ఏదో గుర్తొచ్చినవాడిలా ఆగాడు.

"ప్రభూ, చిత్రశాలలో తమ తండ్రిగారు పులిని కొడుతున్న బొమ్మ ఉంది. తాతగారు అంబారీ మీద ఉన్న బొమ్మ ఉంది. సంగీత రసికుడి బొమ్మ మాత్రం మన వంశంలో ఇంతవరకూ లేదు."

రాజుగారి మీసం ఒక్కసారి పైకి లేచింది. ఆ కొరత తనకూ ఎప్పటినుంచో ఉందన్నాడు. ఇంకేం, ఇవాళే కచేరీలో పాట వింటుండగా వేయించుకోండి, చిత్రకారుడు నల్లప్పను పిలిపిస్తాను అన్నాడు కొండుభొట్లు. ఒక్కటే నియమం. వేస్తున్నంతసేపూ కదలకూడదు. చెయ్యి కదిలితే బొమ్మలో ఆ చేతికి ఆరు వేళ్ళు పడతాయి, భళా అని నోరు తెరిస్తే ఆ తెరిచిన నోటితోనే మునిమనవలు చూస్తారు. రాజుగారు మునిమనవల కోసం ఏమైనా చేస్తానన్నాడు.

సాయంత్రం దీపాలు వెలిగించే వేళకు సభ నిండింది. రాజు గద్దె మీద పద్మాసనం వేసుకుని, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు అరమోడ్చి బిగుసుకు కూర్చున్నాడు. ఎదురుగా నల్లప్ప చట్రానికి గుడ్డ బిగించి, కుంచె పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. తాయారమ్మగారు తంబురా మీటింది.

మొదటి దెబ్బ పడాల్సిన చోట రాజుగారి కుడిచెయ్యి లేవబోయింది. ఆరు వేళ్ళు గుర్తొచ్చి ఆగిపోయింది. రాజు చరచలేదు కాబట్టి దివాను చరచలేదు, దివాను చరచలేదు కాబట్టి ఇంకెవరూ చరచలేదు. అంత పెద్ద సభలో నిశ్శబ్దం ఎలా ఉంటుందో వాళ్ళెవరికీ అంతవరకూ తెలియదు. రాజుగారి మీసం మీద ఒక ఈగ వాలింది. దివాను తోలబోయి, తన చెయ్యి ఎక్కడ బొమ్మలో పడుతుందోనని వెనక్కి లాక్కున్నాడు. కొండుభొట్లు ఇష్టదేవతలందరికీ వరసగా మొక్కుకున్నాడు.

దెబ్బ ఎవరి తొడ మీదా పడకుండా నిశ్శబ్దంగా జారిపోయింది. ఒక్క క్షణం ఆగింది. అప్పుడు పల్లవి అందుకుంది తాయారమ్మగారు.

రాజుగారికి ఒళ్ళు జల్లుమంది. మళ్ళీ పల్లవి వచ్చింది, మళ్ళీ ఆగింది, మళ్ళీ సరిగ్గా అక్కడే అందుకుంది. ఆవిడ వెనకబడటం లేదు. ఆ పాట నడకే అంత. నిన్న సాయం చేస్తున్నానని తాను తొక్కేసింది ఆ క్షణాన్నే. సంగతి తెలిసేసరికి సిగ్గేసింది, ఆ వెంటనే సిగ్గు కూడా మరిచిపోయి వినసాగాడు. వెనక వరసల్లో ఎవరో ఏడుస్తున్నారు. రాజుగారి కళ్ళ నుంచి కూడా నీళ్ళు జారి మీసం మీదికి వచ్చాయి. ఆయన తుడుచుకోలేదు. ఆ పాటికి బొమ్మ సంగతి ఆయనకు గుర్తులేదు.

పాట అయిపోయింది. భళా అన్నవాళ్ళు లేరు. రాజు గద్దె దిగి, తాయారమ్మగారి ముందుకు వెళ్ళి, సభంతా వినేలా చెప్పాడు.

"అమ్మా, నిన్న తాళం తప్పింది మీరు కాదు, నేను. ఈ మాట ఊరంతా చాటింపు వేయిస్తాను. మీ పాట విన్నది ఇవాళే. నన్ను మన్నించండి."

"విన్నారు, అంతే చాలు నాయనా," అంది ఆవిడ. ముఖం వెలిగిపోతోంది.

అప్పుడు గుర్తొచ్చింది రాజుకు. ఏదీ నా బొమ్మ అని నల్లప్ప వైపు తిరిగాడు. నల్లప్ప చట్రానికి అడ్డం నిలబడ్డాడు. దివాను అతన్ని పక్కకు లాగాడు. గుడ్డ మీద గద్దె ఉంది. దాని నగిషీ ఉంది, పట్టు పరుపు ఉంది, కుచ్చులతో సహా బాలీసు ఉంది. రాజు లేడు. సభ నిండకముందే గద్దె వేయడం ముగిసిందని, రాజుగారిని మొదలుపెట్టబోతే పల్లవి ఎత్తుకున్నారని, ఆ తరవాత తన చేతిలో కుంచె ఉన్న సంగతే తెలియలేదని నల్లప్ప కాళ్ళ మీద పడ్డాడు.

పథకం వేసింది తానే అయినా ఈ మలుపు కొండుభొట్లు కూడా ఊహించలేదు. అయినా ముందుకొచ్చి, బొమ్మను ఆ పక్క నుంచీ ఈ పక్క నుంచీ తీరిగ్గా చూశాడు.

"నల్లప్ప తప్పేమీ లేదు ప్రభూ. ఉన్నది ఉన్నట్టే వేశాడు. పాట సాగినంతసేపూ ఆ గద్దె మీద రాజుగారు లేరు. కావాలంటే సభను అడగండి."

మార్తాండ భూపతి ఆ ఖాళీ గద్దె వైపు చూశాడు, కొండుభొట్లు వైపు చూశాడు.

"అయితే ఈ బొమ్మ ఎత్తుగడంతా నన్ను కదలకుండా కూర్చోబెట్టడానికేనన్నమాట."

"తమ చెయ్యి తమ మాట వినదన్నారు కదా ప్రభూ. మునిమనవల మాటైనా వింటుందేమోనని."

రాజు కడుపు పట్టుకుని నవ్వాడు. నవ్వీ నవ్వీ, తన మెడలోని ముత్యాల హారం తీసి తాయారమ్మగారికి సమర్పించాడు, భుజాన ఉన్న శాలువా కొండుభొట్లుకు కప్పాడు. ఆ బొమ్మను అలాగే తీసుకెళ్ళి పులికీ అంబారీకీ మధ్య తగిలించమన్నాడు. కింద ఏమని రాయమంటారని దివాను వినయంగా అడిగాడు.

"మార్తాండ భూపతి పాట వింటుండగా, అని రాయండి," అన్నాడు రాజు.