ఈరన్న మగ్గం పన్ను

ఓ రాజ్యంలో చౌడమ్మ అనే నేతగత్తె ఉండేది. ఆమె మొగుడు ఈరన్న పోయి మూడేళ్లయింది. ఏటా ఒక పంచె పుచ్చుకుని ఆమె పన్ను లెక్కలు రాసిపెట్టే కరణం పేరయ్య మాత్రం, పాత చిట్టా చూసి ఈరన్న మగ్గానికి కూడా పన్ను రాస్తూనే వచ్చాడు. అంత కట్టలేకపోయేసరికి బంట్రోతులు వచ్చి చౌడమ్మ మగ్గం విప్పి పట్టుకుపోయారు.

ఆమె వెళ్లి రాజు దగ్గర మొరపెట్టుకుంది. రాజు పేరయ్యని చిట్టాతో సహా పిలిపించాడు.

"నా లెక్క తప్పదు ప్రభూ! ఏటా వెళ్లి, ఈరన్న నేస్తుంటే కళ్లారా చూసే రాశాను," అన్నాడు పేరయ్య.

చౌడమ్మ చేతులు జోడించింది. "అయితే అడిగినంతా కడతాను దొరా. మూడేళ్లుగా నాకు కనబడని మనిషి ఈయనకి ఏటా కనబడుతున్నాడు. ఎక్కడున్నాడో నాకూ ఒక్కసారి చూపించమనండి."

రాజు ఆమె మగ్గం తిరిగి ఇప్పించి, చిట్టాలో ఈరన్న పేరు అక్కడికక్కడే కొట్టేయమన్నాడు.

పేరయ్య ఆ పేరు మీద అడ్డంగా గీత గీసేసరికి, అంతసేపూ నిబ్బరంగా నిలబడ్డ చౌడమ్మ కూలబడి ఏడ్చింది.

"గెలిచావు కదమ్మా, ఏడుస్తావెందుకు?" అన్నాడు రాజు.

"ఇన్నాళ్లూ ఆ చిట్టాలోనైనా బతికున్నాడు దొరా."