వరుణుడు పిలిచిన పేర్లు

పూర్వం త్రేతాయుగంలో, ఒక కార్తిక శుద్ధ పాడ్యమి నాడు, తూర్పుతీరాన సుమేధుడనే రాజు ఏలే దేశంలో నిప్పంతా ఆరిపోయింది. యజ్ఞంలో నేతికి బదులు నూనె పోయించిన రాజుపై హవ్యవాహనుడైన అగ్నిదేవుడు కోపించి వెళ్లిపోగా, హోమగుండాలతోపాటు ఇళ్లలో పొయ్యిలూ చల్లారాయి. జనం నానబెట్టిన బియ్యం తిన్నారు. చంటిబిడ్డలు జబ్బుపడ్డారు.

సముద్రం నడుమ దీవిలో తపస్సు చేసుకొనే శ్రుతకర్ణ మహర్షి, రాజు పశ్చాత్తాపం విని, తన అగ్నిహోత్రంలోని నిప్పులు కుండలో పెట్టి, అందుకోసం నావ కట్టుకొని వచ్చిన జాలరుల చేతికిచ్చి, "నాయనలారా, సూర్యాస్తమయంలోగా తీరం చేర్చండి. ఆపైన ఇది నిలవదు" అన్నాడు.

ఆ నావకు పెద్ద పోలడు. పెద్ద ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలుస్తాడు. పిలుపందుకొన్నవాడు "హైలెస్సా" అంటాడు. ఆ మాటమీద అందరూ తెడ్డు లాగుతారు. చివరి బల్లమీది నూకడు ఒంటరివాడు. బదులివ్వడమే తప్ప పిలిచి ఎరుగడు.

"ఒరే నూకా! తెడ్డేస్తన్నావా, గంజి కలుపుతున్నావా?" అన్నాడు పోలడు.

"గంజికి నిప్పేదీ పెద్దా? ముందు ఒడ్డుకు పోనీ!"

అందరూ నవ్వారు.

మధ్యాహ్నం గాలివాన వచ్చింది. కెరటమొకటి నావమీదుగా పోయింది. కుండను కడుపుకింద దాచుకొని బోర్లాపడిన నూకడు లేచేసరికి నావలో ఎవరూ లేరు. చాలాసేపు నీళ్లలోకి చూశాడు. ఎవరూ తేలలేదు. నావ నడుమ కూర్చొని రెండు తెడ్లు పట్టుకొన్నాడు. పిలుపు రాలేదు. చేతులు ఆడలేదు. పొద్దు వాలుతోంది.

"సామీ, ఒక్క పిలుపు" అని ఏడ్చాడు.

మకరవాహనుడు, పాశధరుడు అయిన వరుణదేవుడు నీటినుండి వెలువడి, "వత్సా, వరం కోరుకో" అన్నాడు.

"మావోళ్లను ఇచ్చెయ్యి సామీ."

"పోయిన ప్రాణాలు యమధర్మరాజు అధీనం. మరొకటి అడుగు."

"అయితే నువ్వు పిలువు."

జలాధిపతి నావ వెనుక కొసన, పెద్ద కూర్చొనే అమరంలో కూర్చొని వేదసూక్తం అందుకొన్నాడు. నూకడు కదలలేదు.

"అది మంత్రం సామీ. దానికి చెయ్యి లేవదు. మావోళ్ల పేర్లు పిలవాల."

"బదులు పలకడానికి వారు లేరు గదా?"

"నేనున్నా గదా."

నూకడు పేర్లన్నీ చెప్పాడు. వరుణుడు "పోలా" అన్నాడు. నూకడు "హైలెస్సా" అని లాగాడు. "ఎర్రా" అన్నాడు. నూకడే పలికాడు. "మైలా" అన్నాడు. నూకడే పలికాడు. పేర్లు ముగిసినప్పుడల్లా దేవుడు మళ్లీ మొదటినుండి పిలుస్తూ ఉండగా, పొద్దు కుంకకముందే నావ ఇసుక తాకింది. అమరంలో ఎవరూ లేరు.

పురోహితులతో ఎదురువచ్చిన రాజు కుండకోసం చేతులు చాచాడు.

"ముందు మా పేటకు, మారాజా. ఇది తెచ్చింది మావోళ్లు" అన్నాడు నూకడు.

రాజు నెయ్యిపాత్ర పట్టుకొని అతని వెనుక నడిచాడు. నూకడు మొదటి గుమ్మం ముందు ఆగి, "పోలా" అని పిలిచాడు.

లోపలినుంచి పోలడి భార్య గంగమ్మ వచ్చి, ఒడ్డున ఉన్న నావవైపు, అతని వెనక్కి, మళ్లీ అతని ముఖంలోకి చూసింది. "హైలెస్సా" అని, పిడక తెచ్చి నిప్పులమీద పెట్టింది.

పిడక అంటుకొంది. రాజు తన చేతితో నెయ్యి పోశాడు. అగ్ని నిలిచింది.